రెండో మెట్లదారి ఎక్కడుంది?

గత సంచికలో ఈ శీర్షిక కింద చిట్టీలను గూర్చి వ్రాసినందుకు సోదరీమణులు కొందరు సంతోషించారు, చిట్టీలు నడిపేవారు కొందరు కోపగించారు. ఇద్దరికీ నమస్కారం. ఇది బడులు తెరిచే నెల గనుక ఈసారి పిల్లల మాట వ్రాయదలచాము. పిల్లల మాట అనగానే మార్కుల మాట అనుకోవద్దు. అది వ్రాసేవారు చాలామంది ఉన్నారు.

జూను వచ్చిందంటే సింగానల్లూరులో పుస్తకాల కొట్ల ముందూ బట్టల కొట్ల ముందూ నిలబడ్డ వారిలో మన ఇళ్ళవారు ఎంతమందో కనబడతారు. ఫీజు ఎంత, బస్సు ఎన్ని గంటలకు వస్తుంది, ట్యూషను ఎక్కడ పెట్టించవలె, ఇవన్నీ అడిగి తెలుసుకుంటాము. బడి చూడబోయిన తండ్రికి కంప్యూటర్ల గది చూపిస్తారు, ఆయన తృప్తిపడి వస్తాడు. "అయ్యా, ఈ మేడ మీది నుంచి పిల్లలు దిగడానికి ఇంకో మెట్లదారి ఉన్నదా?" అని అడిగిన తండ్రిని మాత్రం మేము ఇంతవరకు చూడలేదు. అడిగితే హెడ్‌మాస్టరు ఏమనుకుంటారో అని మొగమాటం. మనవారికి ఈ మొగమాటం పాలు కొంచెం ఎక్కువే. మదుర నాయకుల కాలం నుంచి ఈ గడ్డమీద ఉన్నాము, ఇప్పటికీ చుట్టపుచూపుగా వచ్చినవారి వలెనే మసలుకుంటాము.

ఈ ప్రశ్న ఎందుకు అడగవలెనో కుంభకోణం చెబుతుంది. 2004 జూలై 16వ తేదీ, శుక్రవారం. కాశిరామన్ వీధిలో ఒకే కట్టడంలో మూడు బడులు నడిచేవి. కింద మధ్యాహ్న భోజనం వండే పొయ్యి, పైన చిన్న తరగతులు, వాటిమీద కొబ్బరాకుల కప్పు. పొద్దున 11 గంటల వేళ వంటింటి నిప్పు కప్పుకు అందుకుంది. మండే కప్పు పిల్లల మీదనే కూలింది. దిగేదారి ఇరుకు. 94 మంది పసివారు పోయారు. బడిని మూసి, విచారణ సంఘం వేసి, కొబ్బరాకుల కప్పులు బడులమీద ఉండరాదని ప్రభుత్వం వారు రాష్ట్రమంతటా తీయించారు. తంజావూరు కోర్టు వారు పదేండ్ల తరువాత, 2014లో, పదిమందికి శిక్ష వేశారు. సుప్రీంకోర్టు వారు 2009 ఏప్రిల్ 13న ఇచ్చిన తీర్పులో, ప్రమాదం లేని బడిలో చదువుకోవడం పిల్లవాని ప్రాథమిక హక్కులో చేరినదేనని చెప్పి, ప్రతి బడిలోను నిప్పు ఆర్పే సాధనాలు ఉండవలెననీ, వాటిని వాడడం సిబ్బందికి నేర్పవలెననీ ఆజ్ఞాపించారు.

కనుక హెడ్‌మాస్టరును ఆ ప్రశ్న అడిగే తండ్రి అమర్యాదస్థుడు కాడు. దేశంలోని పెద్ద కోర్టు అడిగిన ప్రశ్ననే ఆయనా అడుగుతున్నాడు.

ఇందులో మమ్మల్ని ఎక్కువగా బాధించే సంగతి ఒకటున్నది. అదే సంవత్సరం జనవరి 23న శ్రీరంగంలో ఒక కల్యాణమండపంలో మేడమీద వేసిన కీతు పందిరి అంటుకొని, పెండ్లికొడుకుతో సహా యాభై మందికి పైగా చనిపోయారు. అదే కావేరి, ఇంచుమించు అదే కప్పు. శ్రీరంగానికీ కుంభకోణానికీ నడుమ దూరం వంద కిలోమీటర్లు దాటదు, కాలం ఆరు నెలలు దాటలేదు. అందరూ పత్రికలో చదివారు, అయ్యో అన్నారు. మన బడి కప్పు ఏమిటని తల ఎత్తి చూసినవారు లేకపోయారు.

ఇక రెండో ఉదంతం మన కోయంబత్తూరుదే. ఊరికి పడమట, కొండల అంచున నరసీపురం దగ్గర ఒక కళాశాలలో 2018 జూలై 12న ఆపద సమయంలో తప్పించుకునే శిక్షణ అని ఏర్పాటు చేశారు. మేడమీది నుంచి దూకవలె, కింద తోటి విద్యార్థులు వల పట్టుకొని నిలబడతారు. 19 ఏండ్ల ఆడపిల్ల ఒకతె సన్‌షేడు అంచున కూర్చుని వెనకాడింది. శిక్షకుడనే ఆ మనిషి ఆమెను తోశాడు. కింది అంతస్తు సన్‌షేడుకు తల తగిలింది, ప్రాణం పోయింది. తాను జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ తరపున వచ్చినట్లు అతడు చెప్పుకొన్నాడు. మాకూ ఆ మనిషికీ సంబంధం లేదని ఆ సంస్థవారు ప్రకటించారు. పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. ఎవరో సెల్‌ఫోనులో తీసిన ఆ దృశ్యం రాష్ట్రమంతా చూసింది.

కాపాడుకోవడం నేర్పుతామని చెప్పి ప్రాణం తీసిన ఈ సంగతిని మేము ఎన్నిసార్లు తలచుకున్నా రెండు విషయాల దగ్గర ఆగిపోతాము. మొదటిది గుమాస్తా బుద్ధితో చెప్పేది. మా ఆఫీసులో పన్నెండు రూపాయల బస్సు చార్జీ రాబట్టుకోవాలన్నా టికెట్టు అతికించి, కింద సంతకం చేసి, పైన ఇంకొకరి సంతకం పెట్టించి, టప్పాలులో వేయవలె. పిల్లలను మేడమీది నుంచి దింపేందుకు వచ్చిన మనిషిని, నీ కాగితం ఏది, నిన్ను ఎవరు పంపారు, వారి ఫోను నెంబరేమిటి అని అడిగేవారు ఉండవద్దా? ఒక్క ఫోను చేసి ఉంటే చాలు.

రెండోది ఇంకా కష్టమైనది. ఆ పిల్ల భయపడుతూ వెనకాడింది. "నేను దూకను" అని చెప్పి వెనక్కి నడిచిపోవచ్చునని ఆమెకు ఎవరైనా ఎన్నడైనా చెప్పారా? మన ఇళ్ళలో పెద్దలు చెప్పినట్లు వినే పిల్లను మంచిపిల్ల అంటాము. అది నిజమే, మేమూ అంటాము. కాని ఎంత పెద్దవారు చెప్పినా, మాస్టరే చెప్పినా, దేహానికి అపాయమని తోచిన పని చేయనవసరం లేదని కూడా మనమే పిల్లలకు చెప్పి ఉంచవలె. చెప్పడమే కాదు, ఇంట్లో ఒకసారి వాళ్ళు కాదన్నప్పుడు కోప్పడకుండా ఉండి చూపవలె. ఇంట్లో కాదనడం రానివారికి బయట ఎట్లా వస్తుంది?

ఇంతకూ అసలైన అభ్యాసం ఎట్లా ఉంటుందో చూడాలంటే జపానువారిని చూడవలె. 2011 మార్చి 11న మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు అక్కడ పెద్ద భూకంపం వచ్చింది, తరువాత సముద్రం లేచింది. కామైషి అనే రేవుపట్టణంలో ఒక మాధ్యమిక పాఠశాల, దాని ప్రక్కనే ఒక ప్రాథమిక పాఠశాల. పెద్ద పిల్లలు ఎవరో వచ్చి చెబుతారని కాచుకొనక గుట్టవైపు పరుగెత్తారు. ప్రక్కబడి చిన్నపిల్లలు మేడపైకి ఎక్కి ఉన్నవారు, వీరిని చూసి దిగివచ్చి వీరితో కలిశారు. ముందుగా అనుకున్న చోటికి చేరాక అదీ చాలదని తోచి ఇంకా పైకి, అక్కడి నుంచి మరికొంచెం పైకి పోయారు. చిన్నవారి చేతులు పెద్దవారు పట్టుకున్నారు. వారి బడులు రెండూ నీట మునిగినవి. ఆ పట్టణంలో బడిపిల్లలు సుమారు 3000 మంది, దాదాపు అందరూ బ్రతికారు. వాళ్ళేమీ సాహసవంతులు కారు. ఎన్నో ఏండ్లుగా ఆ దారిన నడిచి నడిచి అలవాటుపడ్డ పిల్లలు.

అదే నాడు, అదే తీరాన, ఒకావా అనే చోట ఇంకొక బడి. వెనకనే కొండ ఉన్నది. పిల్లలను ఆటస్థలంలో వరుసగా నిలబెట్టి, ఎటు పోవలెనో తేల్చుకొనలేక ఉపాధ్యాయులు 50 నిమిషాల దాకా చర్చించుకున్నారు. బడిలో చేరి ఉన్నవారు 108 మంది, అందులో 74 మంది పిల్లలు దక్కలేదు. తలిదండ్రులు కోర్టుకెక్కారు. నీరు వచ్చాక ఏమి చేశారన్నది అటుంచి, రాకముందే దారి తేల్చి వ్రాసి పెట్టుకొనకపోవడం తప్పని పై కోర్టు తీర్పు చెప్పింది. 2019లో అక్కడి సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. ఆ పిల్లలు చెప్పినట్లు విన్నవారే. వరుస తప్పనివారే.

కనుక అభ్యాసమంటే దూకడం కాదు, తాడు పట్టుకొని జారడం కాదు, అగ్గిలోంచి పరుగెత్తడం అంతకన్నా కాదు. చూసేవారికి విసుగు పుట్టించేటంతటి సాదా పని. గంట కొడతారు, పుస్తకాలు వదిలి లేస్తారు, రెండో మెట్లదారిన నడిచి దిగుతారు, చెట్టుకింద నిలబడతారు, మాస్టరు హాజరుపట్టీ చదివి తలలు లెక్కపెడతారు. పది నిమిషాలు. మూడు నెలలకొకసారి చేస్తే చాలు. అయితే ఒకసారి ముందు దారి మూసి ఉన్నట్లు అనుకొని చేయవలె, ఒకసారి హెడ్‌మాస్టరు ఊళ్ళో లేని రోజున చేయవలె. అప్పుడు గాని గుట్టు తెలియదు. రెండో మెట్లకు తాళం వేసి ఉంటుంది, తాళంచెవి వాచ్‌మన్ జేబులో ఉంటుంది, వాచ్‌మన్ టీకి పోయి ఉంటాడు.

బడులను అని ఆఫీసులను వదిలిపెట్టడం న్యాయం కాదు. ఎర్రరంగు వేసిన ఇసుక బక్కెట్లు ఆఫీసులలో వరుసగా వ్రేలాడుతూ ఉంటవి. వాటిలో ఇసుక తక్కువ, బీడీముక్కలూ కిళ్ళీ ఉమ్మీ ఎక్కువ. గోడకు తగిలించిన ఎర్ర సిలిండరును తన జీవితంలో ఒక్కసారైనా చేతబట్టి చూసిన గుమాస్తా ఎందరున్నారు? దాని పని సులువే. మూతి దగ్గరి పిన్ను లాగి, గొట్టాన్ని మంట మీదికి కాక మంట మొదటికి పట్టి, పిడి నొక్కుతూ అటూ ఇటూ ఆడించవలె. చిన్న సిలిండరైతే కొన్ని క్షణాలలోనే ఖాళీ అవుతుంది. ఆ సంగతి ముందు తెలియనివాడు దూరం నుంచి గాలిలోకి కొట్టి చేతులు దులుపుకుంటాడు. పదో తరగతి పిల్లలకు బడివారు దీన్ని ఒకరోజు చేతికిచ్చి చూపించవచ్చు. అడగవలసింది మనమే.

ఇక బడి దాటి బయటికి వద్దాము. మన సింగానల్లూరు పిల్లలకు రోజూ ఎదురయ్యేవి నాలుగు: తిరుచ్చి రోడ్డు, రైలుదారి, చెరువు, వానాకాలపు నీరు. రోడ్డు సంగతి అందరూ చెబుతూనే ఉన్నారు, హెల్మెట్టు మాట చెప్పి చెప్పి పోలీసువారి గొంతులు పోయినవి. రైలుదారి సంగతి చెప్పేవారు తక్కువ. 2019 నవంబరులో ఇక్కడికి కూతవేటు దూరాన, ఇరుగూరుకూ సూలూరుకూ మధ్య, రాత్రివేళ పట్టాల మీద కూర్చున్న నలుగురు కళాశాల విద్యార్థులను అలెప్పి - చెన్నై ఎక్స్‌ప్రెస్ కొట్టివేసింది. మన పిల్లలు పట్టాల మీద కూర్చోరు, మంచిదే. అయితే దాటుతారు, చెవుల్లో పాట పెట్టుకొని దాటుతారు. పూర్వం బొగ్గు ఇంజను వస్తే ఊరికంతా తెలిసేది. ఇప్పటి కరెంటు ఇంజను దగ్గరికి వచ్చేదాకా చప్పుడు చేయదు. డ్రైవరు మనిషిని చూసి బ్రేకు వేసినా వేగంగా వచ్చే బండి ఆగడానికి కిలోమీటరు దగ్గర దగ్గర పడుతుంది. చెవుల్లోవి తీసి, ఆగి, రెండు వైపులా చూసి, గేటు దగ్గరనే దాటడం, ఇంతకన్న చెప్పేది లేదు.

చెరువు మాట వేరు. నొయ్యలు నీరు చేరే మన చెరువు గట్టున పెరిగినవారమే మనమంతా. నీటిలో ఒకడు మునుగుతూ ఉంటే ఈత వచ్చిన స్నేహితుడు దూకడం, ఇద్దరూ పోవడం, ఈ వార్త ప్రతి వేసవిలోను ఏదో ఒక ఊరి పేరుతో పత్రికలో వస్తూనే ఉంటుంది. మునిగేవాడు చేతికి దొరికినదాన్ని పట్టుకొని పైకెక్క చూస్తాడు. దొరికినది స్నేహితుని మెడ అయినా సరే, వానికి తెలియదు. అందుకని దూకకుండా ఏదైనా విసరవలె. తాడు, కర్ర, తేలే నీళ్ళ కేను, ఏదీ లేకుంటే బట్ట. 2020 ఆగస్టులో పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర కుర్రవాళ్ళు నలుగురు మునిగిపోతూ ఉంటే బట్టలుతకడానికి వచ్చిన ముగ్గురు స్త్రీలు కట్టుకున్న చీరలు విప్పి నీళ్ళలోకి విసిరారు. ఇద్దరు పట్టుకున్నారు, గట్టెక్కారు. ఇద్దరు దక్కలేదు. ప్రభుత్వం వారు ఆ ముగ్గురికీ కల్పనా చావ్లా పేర సాహస బహుమతి ఇచ్చారు. మానం కోసం కట్టుకున్న చీరను ప్రాణం కోసం విప్పడానికి వారు క్షణమైనా ఆలోచించలేదు. ఇటువంటి వారిని గూర్చి మన ఆడపిల్లలకు కథలుగా చెప్పవలె అని మా కోరిక.

వానలు పట్టినప్పుడు రెండు జాగ్రత్తలు. లంకా కార్నరు వద్ద వంతెన కిందిలో నీరు నిలిచి ఉంటే, ఎంత లోతో తెలియని నీటిలోకి బండి దింపరాదు. వానకు నానిన ప్రహరీగోడ నీడన నిలబడరాదు. మేట్టుపాళయం దగ్గర నడూరులో 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున గోడ కూలి 17 మంది నిద్రలోనే పోయారు. 2021 డిసెంబరులో తిరునెల్వేలిలో ఒక బడి మరుగుదొడ్డి గోడ కూలి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. పునాది లేని గోడ అని తరువాత తెలిసింది. గోడ వాలితే పిల్లలకు ముందు కనబడుతుంది, పెద్దలకు ముందు కనబడదు. బంతి తెచ్చుకోవడానికి దానివెనక్కి పోయేది వాళ్ళే గదా. కాబట్టి బడినుంచి వచ్చిన పిల్లవాడు "ఆ గోడ పగిలింది" అంటే విని ఊరకుండక ఒక కాగితం వ్రాసి బడికి పంపవలె. కాగితం వ్రాస్తే జవాబు చెప్పవలసి వస్తుంది. ఇది మా వృత్తిరహస్యం.

ఇప్పుడు మన ఇళ్ళకే ప్రత్యేకమైన సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. ఈ వ్యాసం వ్రాయడానికి ముందు మా సందులో పిల్లలను కొందరిని పిలిచి, "ఇంట్లో అవ్వకు జబ్బు చేసింది, 108కి ఫోను చేశావనుకో, ఇల్లు ఎక్కడని చెబుతావు నాయనా?" అని అడిగాము.

"మిల్లు వెనకాల సందు మామా," అన్నాడు ఎనిమిదో తరగతి కుర్రవాడు.

"ఏ మిల్లురా? అది మూతబడి గేటు కూడా పీకేశారు గదా!"

"అందరికీ తెలుసు మామా."

అందరికీ అంటే మనకు. బండి నడిపేవాడు ఏ తిరుప్పూరు వాడో, ఏ ధర్మపురి వాడో. వానికి మన మిల్లూ తెలియదు, మన అవ్వా తెలియదు. వీధి పేరు, తలుపు నెంబరు, ఈనాడు నిలిచి ఉన్న గుర్తు ఒకటి, ఏ పెద్దరోడ్డు నుంచి ఏ చేతివైపు తిరగవలె, ఈ నాలుగూ తెలియవలె. మేము అడిగిన పిల్లలలో తలుపు నెంబరు చెప్పగలిగినది ఒకే ఒక్క అమ్మాయి. ఆమె కూడా కొరియరు సామాను తెప్పించుకుంటుంది గనుక చెప్పగలిగింది! ఏ దారినైనా విద్య విద్యే.

ఇంకొక చిక్కు భాషది. 108 పుట్టింది హైదరాబాదులో, 2005 ఆగస్టు 15న. తమిళనాడుకు 2008లో వచ్చింది. ఇక్కడ ఫోను ఎత్తేవారు సహజంగా అరవంలోనే మాట్లాడతారు. మన అవ్వలు సంతలో అరవం దంచి మాట్లాడేవారే, అయినా నొప్పి వచ్చినప్పుడు నోట తెలుగే వస్తుంది. "ఎద పట్టేసిందిరా, కండ్లు తిరుగుతున్నాయిరా, చెయ్యి లాగుతోందిరా" అంటుంది. ఆ మాటలను నెంజువలి, మయక్కం అని అరవంలో అందించవలసినది ఆ వేళ ఇంట్లో ఉన్న మనవడు. అంటే ఆ గడియలో దుబాసీ వాడే. తెలుగు సరిగా వినడం అలవాటు లేని పిల్లవాడు అవ్వ ఏమంటున్నదో అరవంలో చెప్పలేడు. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడడం, వీటిలో ఏది కనబడినా గడియారం చూసి వేళ గుర్తుపెట్టుకొమ్మని చెప్పవలె. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. ఎప్పుడు మొదలైందని డాక్టరు మొదట అడుగుతాడు. తెలుగు నేర్పితే పిల్లలకు ఏమి లాభమని మన సంఘం సమావేశాలలో అడిగే మిత్రులకు ఇది కూడా ఒక జవాబుగా మనవి చేస్తున్నాము.

ఫోను మాట ముగిద్దాము. 112 ఒక్కటి గుర్తున్నా చాలు, పోలీసు, నిప్పు, వైద్యం అన్నింటికీ పలుకుతుంది. పిల్లలను ఎవరైనా బాధిస్తే వారే స్వయంగా చేసుకోదగినది 1098. తాళం వేసిన సెల్‌ఫోనులో కూడా అడుగున ఎమర్జెన్సీ అనే మాట ఉంటుంది, దాన్ని నొక్కితే రహస్యసంఖ్య లేకుండానే 112కు పోతుంది. నాన్న ఫోనుకు తాళం వేసి ఉందని ఏడుస్తూ కూర్చోనక్కరలేదు. మాట్లాడిన తరువాత వారు పెట్టేదాకా మనం పెట్టరాదు. దారిలో దెబ్బతిన్నవారికి సాయం చేస్తే పోలీసుస్టేషను చుట్టూ తిరగవలసి వస్తుందనే భయం ఇప్పుడు అక్కరలేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, సాయం చేసినవారిని వేధించరాదని స్పష్టంగా చెప్పినవి.

ఇంటి వైద్యం విషయంలో అవ్వలతో తగవు పెట్టుకోవడం మాకు ఇష్టం లేదు. వాము కషాయం, శొంఠి కషాయం వారి రాజ్యమే. రెండు చోట్ల మాత్రం వారు పక్కకు తప్పుకోవలె. కాలినచోట సిరా, పిండి, టూత్‌పేస్టు పూయక, ధారగా పడే చన్నీటి కింద 20 నిమిషాలు ఉంచవలె. పాము కరిచినచోట పైన తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మూడూ కూడవు. కరిచిన కాలిని కదపకుండా, మనిషిని నడిపించకుండా, పెద్దాసుపత్రికి చేర్చవలె. చెరువుగట్టు వీధులవారు దీన్ని కత్తిరించి తలుపువెనక అంటించుకుంటే మాకు సంతోషం.

ఆవణి ముహూర్తాలు దగ్గరపడుతున్నవి. మండపంలో పిల్లలు ఎట్లాగూ భోజనాల పిలుపు వచ్చేదాకా పరుగులు పెడుతూనే ఉంటారు. ఆ పరుగులోనే ఒక పని అప్పజెప్పండి: ఈ మండపానికి బయటికి పోయే దారులెన్ని, అందులో తెరిచి ఉన్నవెన్ని, కుర్చీలూ బియ్యపు మూటలూ అడ్డం పెట్టినవెన్ని, లెక్క తేల్చి రమ్మనండి. ముందు చెప్పినవాడికి ఒక ఐస్‌క్రీము ఎక్కువ. అట్లాగే ఈ నెలలో తమ పిల్లల బడికి వెళ్ళి రెండో మెట్లదారి మాట అడిగిన తలిదండ్రులు, వచ్చిన జవాబును ఒక కార్డుమీద రెండు పంక్తులు వ్రాసి ఈ శీర్షికకు పంపితే ప్రచురిస్తాము. బడి పేరూ పిల్లల పేరూ వేయము.